విశాఖ నౌకా చరిత్ర 1971తో మొదలు కాలేదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

నౌకాదళ దినోత్సవం దగ్గర పడినప్పుడల్లా మన పత్రికలు విశాఖపట్నం గురించి ప్రత్యేక పుటలు వెలువరించడం ఆనవాయితీగా వస్తోంది. డిసెంబరు 4న రామకృష్ణా బీచ్‌లో జరిగే విన్యాసాలు, యుద్ధనౌకల ఛాయాచిత్రాలు, 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన వృత్తాంతం ప్రతి ఏడూ వాటిలో ఉంటాయి, ఉండాలి కూడా. అయితే ఆ వ్యాసాలలో దాదాపుగా మార్పు లేకుండా కనిపించే ఒక మాట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నౌకాదళం వచ్చి స్థిరపడేదాకా విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెకారుల (జాలరుల) ఊరేనని, ఆ తర్వాతే దానికి చరిత్ర అంటూ ఏర్పడిందని ఆ మాట సారాంశం. చాలాకాలం బడిలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన నాకు అది చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఈ తీరాన రేవు కోసం, ఓడల కోసం, యుద్ధనౌకల కోసం తరతరాలుగా పనిచేసినవారు, పోరాడినవారు, నేల వదులుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ ఒక్క మాటతో వారందరూ లెక్కలోంచి జారిపోతున్నారు.

ముందుగా ఊరి పరిమాణం సంగతి చూద్దాం. 1901 జనాభా లెక్కల నాటికే విశాఖపట్నంలో సుమారు 40 వేల మంది నివసించేవారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో అతి పెద్ద జిల్లాల్లో ఒకదానికి అది కేంద్రం. అంతకు రెండు శతాబ్దాల ముందే, 1682 ప్రాంతంలో, ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టింది. వెనుక ఉన్న పల్లెల్లో నేసిన నూలు బట్టలను కొని ఓడల్లో పంపడం దాని పని. ఔరంగజేబుకు, కంపెనీకి మధ్య వైరం ముదిరిన రోజుల్లో, 1689లో, మొగలు సైన్యం ఈ వర్తకశాల మీద పడి అందులోని కంపెనీ ఉద్యోగులను చంపింది. తర్వాత కంపెనీ తిరిగి వచ్చి కోట కట్టుకుంది. ఆ కోట ఇప్పుడు లేకపోయినా పాతనగరంలో కోటవీధి, బురుజుపేట, సోల్జర్‌పేట ఉన్నాయి. మార్గశిర మాసంలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట వీధుల్లో వరుస కట్టే వేలాది భక్తులు నడిచేది ఆ పాత కోట పరిసరాల్లోనే. ఇంతటి ఊరిని చిన్న గ్రామమని ఏ ఆధారంతో అంటున్నామో మనం ఒకసారి ఆలోచించుకోవాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊరు చేతులు మారిన తీరంతా ఓడలతో ముడిపడినదే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగిందని మన పిల్లలందరికీ తెలుసు. అదే సంవత్సరం ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నం కోటను కూడా వశం చేసుకున్నాడన్న సంగతి చాలామందికి తెలియదు. మరుసటి ఏడాది విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి, ఊరిని వారి నుంచి తీసుకుని, కలకత్తాలోని కంపెనీ అధిపతి క్లైవు సాయం కోరాడు. కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డు సేనలు ఓడల్లో వచ్చి దిగింది విశాఖ తీరంలోనే. ఆ సేనలు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో ఉత్తర సర్కారులనే ఈ తీర జిల్లాల భవిష్యత్తు మారిపోయింది. సముద్రం మీద ఎవరి ఓడలకు స్వేచ్ఛ ఉంటే వారిదే ఈ నేల అన్న పరిస్థితి ఆనాడే స్పష్టమైంది.

ఈ వరుసలో నేను అన్నింటికంటే ముఖ్యమని భావించే ఘటన 1780 అక్టోబరు 3న జరిగింది. ఆ ఏడాది మైసూరు పాలకుడు హైదరాలీ మద్రాసు చుట్టుపక్కల ఉన్న కర్నాటిక్ ప్రాంతం మీదికి దండెత్తాడు. సెప్టెంబరులో పొలిలూరు దగ్గర కంపెనీ సైన్యం ఘోరంగా దెబ్బతింది. మద్రాసుకు అదనపు బలగాలు అవసరమై, విశాఖపట్నంలో ఉన్న సిపాయిలను ఓడలో బయలుదేరమని కంపెనీ ఆజ్ఞాపించింది. సిపాయిలు ఓడ ఎక్కబోమన్నారు. ఒడ్డునే తిరుగుబాటు చేశారు; కాల్పుల్లో కొందరు ఆంగ్లేయులు చనిపోయారు; కొంతకాలానికి కంపెనీ ఆ తిరుగుబాటును అణచివేసింది. 1857 తిరుగుబాటుకు 77 ఏళ్ల ముందు, మన ఊరి ఇసుకలో, సముద్ర ప్రయాణపు ఆజ్ఞను ధిక్కరించి సిపాయిలు ఆయుధం పట్టిన ఘటన ఇది. 1806 నాటి వేలూరు తిరుగుబాటుకు పాఠ్యపుస్తకాల్లో స్థానం ఉంది, అక్కడ స్మారకమూ ఉంది. అంతకు పాతికేళ్ల ముందటి విశాఖ తిరుగుబాటు గురించి విశాఖ విద్యార్థికే తెలియదు. ఈ లోటుకు బాధ్యత ప్రభుత్వానిది మాత్రమే అనలేము. చరిత్ర బోధించిన మాబోటి వాళ్లం, చరిత్ర వ్రాసే మీ బోటి పత్రికలవారు కూడా ఇందులో భాగం పంచుకోవలసిందే.

1804 సెప్టెంబరు 15న ఈ ఊరి ఎదుట సముద్రంలో నిజమైన నౌకాయుద్ధమే జరిగింది. నెపోలియన్ కాలపు యుద్ధాలలో భాగంగా హిందూ మహాసముద్రంలో ఆంగ్లేయ వర్తక నౌకలను వేటాడుతున్న ఫ్రెంచి అడ్మిరల్ లినువా, 74 ఫిరంగుల మరెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, ఫ్రిగేట్లనే మరి రెండు చిన్న యుద్ధనౌకలతో విశాఖ తీరానికి వచ్చాడు. అప్పుడు ఇక్కడ సెంచూరియన్ అనే 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక, దాని రక్షణలో సరుకు ఎక్కించుకుంటున్న రెండు కంపెనీ ఓడలు లంగరు వేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ ఆ సమయానికి ఒడ్డున ఉండటంతో లెఫ్టినెంట్ ఒకరు నాయకత్వం వహించవలసి వచ్చింది. రెండు కంపెనీ ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. రెండోది శత్రువుకు లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో నిలిచి, ఒడ్డు మీది ఫిరంగుల సాయంతో మూడు నౌకల దాడిని తట్టుకుంది. చివరికి లినువా వెనుదిరిగి తూర్పు సముద్రంలోకి వెళ్లిపోయాడు. యూరప్ దేశాల మధ్య పోరు అది, మనకేమిటి అని కొందరు అనవచ్చు. కానీ ఆ ఓడల్లోకి సరుకు చేర్చే పడవలు నడిపింది, ఒడ్డున మూటలు మోసింది, ఫిరంగి గుండ్ల చప్పుడు ఇళ్లలో కూర్చుని విన్నది మన ఊరివాళ్లే. ఆ కాలంలో ఓడ ఒడ్డుకు రాగలిగేది కాదు. దూరంగా లంగరు వేసిన ఓడకూ ఒడ్డుకూ మధ్య ఎగసిపడే కెరటాలను దాటగలిగినవి, మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టి కట్టిన మసూలా పడవలు మాత్రమే. కెరటం తాకినప్పుడు పగలకుండా వంగగల ఆ పడవలు లేకపోతే, వాటిని నడిపే సరంగుల నైపుణ్యం లేకపోతే, కోరమాండల్ తీరంలో ఏ కంపెనీ వర్తకమూ ఒక్క రోజు కూడా సాగేది కాదు. ‘పల్లెకారుల ఊరు’ అన్న మాటను మనం చిన్నచూపుగా వాడుతున్నాం గనుక ఇది గుర్తు చేయవలసి వచ్చింది. నిజానికి ఈ రేవుకు మొదటి నావికులు ఆ పల్లెకారులే.

అదే కాలంలో ఇక్కడి పనివాళ్లు చేసిన దంతపు పొదుగుడు పెట్టెలు, కుర్చీలు, బల్లలు ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్లాయి. నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పనితనం అన్న పేరుతోనే వాటిని చూపుతున్నారు. పక్కనే ఉన్న భీమునిపట్నంలో డచ్చివారి కోట, వర్తకం, 1825లో ఆ రేవు బ్రిటిష్ వారికి దక్కడం, 1861లోనే అక్కడ పురపాలక సంఘం ఏర్పడటం వేరే ఉత్తరానికి తగిన విషయాలు. విశాఖ ఒంటరిగా ఎదిగిన రేవు కాదని, కళింగపట్నం నుంచి కోరంగి దాకా ఉన్న రేవుల వరుసలో ఒకటని చెప్పడానికి మాత్రమే వాటిని ప్రస్తావించాను.

ఆ వరుసలో మిగిలిన రేవులు క్షీణించి విశాఖ ఒక్కటే మహానగరం కావడానికి కారణం ఏమిటన్నది అసలు ప్రశ్న. జవాబు భూమి ఆకృతిలో ఉంది. సముద్రంలోకి పొడుచుకు వచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ దక్షిణపు గాలివానల నుంచి ఆసరా ఇస్తుంది. దాని వెనుక, మేఘాద్రిగెడ్డ నీరు వచ్చి చేరే చోట, ఆటుపోట్లకు నిండి తగ్గే పెద్ద చిత్తడి నేల ఉండేది. ఆ చిత్తడిని తవ్వి లోతు చేస్తే లోపల ఓడలకు నిశ్చలమైన నీరు దొరుకుతుందని నిపుణులు గుర్తించారు. ఇక్కడ హార్బరు కట్టాలని ప్రతిపాదించిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ బ్రిటిష్ నౌకాదళ శాఖకు చెందినవాడు. అంటే, హార్బరు అన్న ఆలోచనలోనే నౌకాదళపు చూపు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. మధ్య భారతంలోని అప్పటి మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చడం వర్తక ప్రయోజనం. అందుకే నిర్మాణ బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వే తీసుకుంది. 1931లో పూర్తయిన రాయపూర్ - విజయనగరం రైలు మార్గం, 1927 నుంచి 1933 వరకు సాగిన హార్బరు తవ్వకం ఒకే పథకానికి రెండు కొసలు.

ఈ నిర్మాణంలో ఇంజనీర్లకు ఎదురైన పెద్ద శత్రువు ఇసుక. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు మన తీరం వెంబడి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. దాని దారికి అడ్డంగా కాలువ తవ్వితే ఆ కాలువే పూడిపోతుంది. ఆ ఇసుకను, అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, హార్బరు ముఖద్వారం దగ్గర ముంచి, వాటినే అలల అడ్డుకట్టకు పునాదిగా వాడారు. 1933 అక్టోబరు 7న సింధియా అనే భారతీయ నౌకాయాన కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొదటిసారి హార్బరులోకి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఆ ఇసుకతో పోరాటం ఇప్పటికీ ఆగలేదు. హార్బరు ముఖం దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పోస్తున్నారు. అలా పోయకపోతే బీచ్ కోతకు గురవుతుంది. సెలవు రోజున అక్కడ కూర్చునే కుటుంబాలకు తమ కాళ్ల కింది ఇసుకకూ హార్బరుకూ ఉన్న ఈ సంబంధం తెలియజెప్పే ఒక్క పలక కూడా లేకపోవడం విచారకరం.

రెండో ప్రపంచ యుద్ధం గురించి మన పత్రికల్లో వచ్చే ప్రస్తావనలు మరీ క్లుప్తంగా ఉంటున్నాయి. 1942 ఏప్రిల్ 6న, అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో బంగాళాఖాతంలోకి చొచ్చుకు వచ్చిన జపాన్ నౌకాబలంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి బయలుదేరిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నాలుగైదు రోజుల్లో ఆ బలగం మన తీరానికి ఎదుట ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. బాంబుల వల్ల జరిగిన నష్టం కంటే వాటివల్ల పుట్టిన భయం ఎక్కువ. జనం ఊరు వదిలి పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. ఆ దాడిలో పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. దాన్ని చూసిన పిల్లలు అది 1971 నాటిదా అని అడగడం నేను విన్నాను. వారి తప్పు కాదు అది. మనం వారికి చెప్పిన యుద్ధం ఒక్కటే.

బాంబులు పడిన ఆ హార్బరు పక్కనే అప్పటికి మరొక ప్రయత్నం మొదలై ఉంది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. విదేశీ ఓడల గుత్తాధిపత్యానికి ఎదురొడ్డిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పం అది. పరాయి పాలనలో, యుద్ధం మధ్యలో, భారతీయుల పెట్టుబడితో సముద్రగామి ఓడలు కట్టే యార్డును స్థాపించడం ఎంత సాహసమో ఈనాడు ఊహించడం కష్టం. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలఉష అనే ఓడను ఇక్కడే నీటిలోకి దింపారు. 1952లో ఆ యార్డు హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది, 2010లో రక్షణ మంత్రిత్వ శాఖ కిందికి వెళ్లింది. కంపెనీ పోయి దశాబ్దాలు గడిచినా ఆ ప్రాంతాన్ని జనం ఇప్పటికీ సింధియా అనే పిలుస్తున్నారు. అక్కడి రివిట్లు కొట్టినవాళ్లు, వెల్డర్లు, వడ్రంగులు, రంగులు వేసినవాళ్లు, కళాసీలు శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల పల్లెల నుంచి వచ్చినవారు. మొదటి తరం దాదాపుగా వెళ్లిపోయింది. రెండో తరం వారు గాజువాక, మల్కాపురం వీధుల్లో వృద్ధాప్యంలో ఉన్నారు. వారిని కూర్చోబెట్టి ఆనాటి పని గురించి అడిగి రికార్డు చేసుకునే ప్రయత్నం ఇంకా ఆలస్యం చేస్తే, అడగడానికి ఎవరూ మిగలరు.

స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ నౌకాదళం లేదనడం కూడా సరికాదు. యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీకి విశాఖలో సర్కార్స్ అనే తీర స్థావరం ఉండేది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ స్థావరంలో నావికులు మొదలుపెట్టిన సమ్మె దేశంలోని రేవులన్నింటికీ పాకినప్పుడు, విశాఖ సర్కార్స్ నావికులు కూడా అందులో చేరారు. భోజనంలో, జీతంలో, మాటల్లో ఎదురైన అవమానాలతో మొదలై స్వాతంత్ర్య నినాదంగా మారిన సమ్మె అది. 1780 నాటి సిపాయిలకూ 1946 నాటి నావికులకూ నడుమ 166 ఏళ్లు గడిచాయి. ఇద్దరూ ఈ ఒడ్డునే, ఓడల కొలువులోనే, పరాయి ప్రభువుల ఆజ్ఞను కాదన్నారు. ఈ రెండింటినీ కలిపి చెప్పే ఒక్క పుట నేను ఇంతవరకు ఏ పత్రికలోనూ చదవలేదు.

1968 మార్చి 1న తూర్పు నౌకాదళం ఏర్పడి, విశాఖపట్నం దాని ప్రధాన కేంద్రమైంది. అదే ఏడాది సోవియట్ యూనియన్ నుంచి కొన్న తొలి జలాంతర్గామి కల్వరి ఇక్కడికి చేరింది. మద్రాసుకూ కలకత్తాకూ నడుమ, కొండ చాటున ఉన్న లోతైన రేవు, ఓడలను బాగుచేయగల యార్డు, రైలు మార్గం ఉన్న ఊరు మరొకటి లేకపోవడమే ఈ ఎంపికకు కారణం. నౌకాదళం వచ్చి ఊరిని సృష్టించలేదు. అంతకు ముందు తరాలు తవ్విన, కట్టిన, కాపాడిన రేవు ఉంది గనుకనే నౌకాదళం ఇక్కడికి వచ్చింది. నేను చెప్పదలచినదంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

ఘాజీ సంగతికి వద్దాం. దాని గురించి రాసేటప్పుడు కూడా ఊరి పాత్ర మరుగున పడుతోంది. విక్రాంత్ విమానవాహక నౌకను వెతుక్కుంటూ వచ్చిన ఆ జలాంతర్గామిని ఏమార్చడానికి, విక్రాంత్‌ను అండమాన్ల వైపు పంపి, అది విశాఖలోనే ఉన్నట్టు నమ్మించే బాధ్యత వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ తీసుకున్నారు. రాజ్‌పుత్ అనే పాత నౌకను విక్రాంత్‌లా నటింపజేయడం అందరికీ తెలిసిన భాగం. వెయ్యిమందికి పైగా నావికులున్న నౌకకు సరిపడేంత మాంసం, కూరగాయలు కావాలని విశాఖ గుత్తేదార్లకు ఆర్డర్లు ఇచ్చి, ఆ వార్త గూఢచారుల చెవిన పడేలా చేశారన్నది అంతగా తెలియని భాగం. డిసెంబరు 3, 4 తేదీల నడుమ అర్ధరాత్రి పేలుడు శబ్దం ఊరంతా వినిపించింది. ఆ తర్వాత సముద్రంలో తేలుతున్న వస్తువులను నౌకాదళం దృష్టికి తెచ్చింది వేటకు వెళ్లిన మన జాలరులే. 90 మందికి పైగా పాకిస్తానీ నావికులు ఆ రాత్రి మరణించారు. రాజ్‌పుత్ దాడి వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, అది పెట్టిన మందుపాతరల వల్లనో అని పాకిస్తాన్ వాదిస్తుంది. బీచ్ రోడ్డులో 1996లో నిర్మించిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ముందు నిలబడే ప్రతి ఒక్కరికీ ఈ పూర్తి కథ తెలియాలి. మరొక చిన్న సవరణ కూడా చేయవలసి ఉంది: డిసెంబరు 4ను నౌకాదళ దినోత్సవంగా జరుపుకొనేది ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద జరిపిన దాడికి గుర్తుగా. తేదీలు కలిసి ఉండటం వల్ల దాన్ని ఘాజీ దినంగా రాయడం సరికాదు.

ఆ తర్వాతి అర్ధశతాబ్ది అందరికీ తెలిసిందే. 31 ఏళ్లు కొలువు చేసిన కుర్సురా జలాంతర్గామి 2002లో ఇసుక మీదికి ఎక్కి ప్రదర్శనశాల అయింది, 2009లో అరిహంత్ అణు జలాంతర్గామి ఇక్కడే నీటిలోకి దిగింది, 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. వీటి గురించి మీ పత్రిక బాగానే రాసింది గనుక నేను అదనంగా చెప్పేది లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉన్నట్టు 1976లో బయటపడింది నౌకాదళం స్థావరం కోసం విమానం నుంచి జరిపిన సర్వే వల్లనే. తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. సముద్రం దాటి వచ్చే వర్తకులను చూసిన కొండ అది.

నౌకాదళానికి స్థలం ఇచ్చి వెళ్లిపోయిన ఊళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. హార్బరు, షిప్‌యార్డు, నౌకాదళ స్థావరం ఒక్కొక్కటీ విస్తరించినప్పుడల్లా కొన్ని పల్లెలు తరలిపోయాయి. ఈ మధ్యకాలంలో రాంబిల్లి ప్రాంతంలో ప్రత్యామ్నాయ స్థావరం కోసం భూములు వదులుకున్న కుటుంబాల పరిహారం గురించి మీ జిల్లా పుటల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. దేశ రక్షణకు స్థావరం అవసరమని నేను నిండుగా నమ్ముతాను. అందుకోసం తాతల నాటి ఇంటిని, గుడిని, పడవ లాగే రేవును వదిలి వెళ్లినవారి త్యాగం కూడా రక్షణ చరిత్రలో భాగమే. నావికుడి పేరు స్మారకం మీద చెక్కినట్టే, ఏ ఊరు ఎక్కడ ఉండేదో, ఎప్పుడు లేచిపోయిందో చెప్పే పేర్లు కూడా ఎక్కడో ఒకచోట చెక్కి ఉండాలి.

ఇందుకోసం కొత్త భవనాలు, కోట్ల రూపాయల పథకాలు నేను అడగడం లేదు. పాతనగరంలో నడిచి చూపగలిగిన చోట్లు ఉన్నాయి. కంపెనీ కాలపు సమాధులు, కోటవీధి, ఒకే వరుసలో గుడి, దర్గా, చర్చి నిలిచిన మూడు కొండలు, 1904 నాటి టౌన్ హాలు, హార్బరు ముఖద్వారం కనిపించే రోడ్డు అన్నీ ఒక పూటలో చూడదగినవే. అక్కడ వారసత్వ నడకలు నిర్వహిస్తున్న ఇన్‌టాక్ వంటి సంస్థల కృషి అభినందనీయం. మహా విశాఖ నగరపాలక సంస్థ ఆ చోట్ల తెలుగులో, స్పష్టమైన అక్షరాలతో పలకలు పెట్టాలి. 1780 తిరుగుబాటుకు, 1804 యుద్ధానికి, 1942 బాంబుదాడికి, 1946 సమ్మెకు ఒక్కొక్కటి చొప్పున పెట్టినా చాలు. పోర్టు, షిప్‌యార్డు, రైల్వేల దగ్గర ఉన్న పాత నక్షాలు, ఛాయాచిత్రాల నకళ్లు విశాఖ మ్యూజియానికి అందితే, పరిశోధన చేయదలచిన విద్యార్థులు ఢిల్లీకో, కలకత్తాకో పరుగెత్తవలసిన అవసరం తగ్గుతుంది. విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ విద్యార్థులు వేసవిలో జాలరిపేటకు, సింధియాకు, గాజువాకకు వెళ్లి పెద్దల మాటలు రికార్డు చేస్తే, ఒక్క ఏడాదిలోనే విలువైన నిధి సమకూరుతుంది. నౌకాదళ అధికారులు ఇటువంటి పనికి సహకరించరని నేను అనుకోవడం లేదు. తమ స్థావరం నిలిచిన నేల చరిత్రను గౌరవించే సంప్రదాయం వారికి ఉంది.

ఇక మీ పత్రికకు నా వినతి. వచ్చే డిసెంబరు ప్రత్యేక సంచికలో నౌకలకు, విన్యాసాలకు కేటాయించే పుటలు అలాగే ఉంచి, మరొక్క పుట పాతనగరానికి, సింధియాకు, జాలరిపేటకు కేటాయించండి. షిప్‌యార్డులోనూ, పోర్టులోనూ పనిచేసి విరమించినవారిని, 1971లో వేటకు వెళ్లిన జాలరుల కుటుంబాలను తమ జ్ఞాపకాలు రాసి పంపమని లేదా చెప్పమని పాఠకుల శీర్షికలో ఇప్పటినుంచే కోరండి. రాయలేనివారి దగ్గరికి మీ విలేకరులను పంపండి. పాత పత్రాలు సరిచూడటంలో, తేదీలు నిర్ధారించడంలో సాయం కావాలంటే నాకు చేతనైనంత చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయుడు,
పాతనగరం, విశాఖపట్నం